ఆసియా ఫుట్‌బాల్ పోటీలు - ప్రాంతముల హెచ్చుతగ్గులు

నిరుడు శీతకాలమున మన పాఠశాల ఫుట్‌బాల్ జట్టును వెంటబెట్టుకొని నేను హైదరాబాదునకు వెళ్ళియుంటిని. నగరపు పాఠశాల యొకదానితో జరిగిన మొదటి ఆటలోనే మన బాలురు 0-5 తో ఓడిపోయిరి. తిరుగు ప్రయాణమున సిద్దిపేట దాటువరకు బస్సులో నెవ్వరును మాటలాడలేదు. అలుగునూరు దగ్గర మానేరు వంతెన మీదికి వచ్చునప్పటికి, నా ప్రక్కన కూర్చుండిన తొమ్మిదవ తరగతి బాలుడొకడు మెల్లగా, "సార్, వాళ్లు మనకంటె ఏమన్న ఎక్కువ తింటరా?" అని యడిగెను. నేను నవ్వితిని గాని నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆలోచించిన కొలదిని ఆ ప్రశ్న చిన్నది కాదనిపించినది. ఆసియా ఖండమంతటను ఫుట్‌బాల్ ఆడు దేశములు డెబ్బది సంవత్సరములుగా ఈ ప్రశ్ననే వేరు వేరు మాటలలో అడుగుకొనుచున్నవి. ఖండమునందు కొన్ని ప్రాంతములే మరల మరల గెలుచుటకును, మరికొన్ని ప్రాంతములు వాకిటనే నిలిచిపోవుటకును కారణమేమి? ఈ పెద్ద ప్రశ్నను విచారించినచో ఆ బాలుని చిన్న ప్రశ్నకు కూడ జవాబు దొరకునను నమ్మకముతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ముందుగా ఆ పోటీ యెట్టిదో తెలిసికొందము. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 1954 లో మనీలా నగరమున స్థాపింపబడినది. రెండు సంవత్సరముల పిమ్మట, అనగా 1956 లో, హాంగ్‌కాంగ్‌లో నాలుగు జట్లతో మొదటి ఆసియా కప్పు జరిగినది. నాటినుండి నేటివరకు ఈ పోటీ 18 పర్యాయములు జరిగినది. ఈ సమాఖ్యలో ఇప్పుడు 47 సభ్యసంఘములు గలవు. లెబనాను తీరమునుండి జపాను వరకు సుమారు 9,000 కిలోమీటర్ల దూరము గనుక, అందరును అందరితో తరచుగా ఆడుట పొసగదు. కావున ఖండమును అయిదు ప్రాంతములుగా విభజించిరి. పశ్చిమాసియాలో 12, మధ్యాసియాలో 6, దక్షిణాసియాలో 7, తూర్పు ఆసియాలో 10, ఆగ్నేయాసియాలో ఆస్ట్రేలియాతో కలిపి 12 సంఘములున్నవి. మన భారతదేశము దక్షిణాసియా ప్రాంతమునకు చెందినది. పొరుగువారు పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు.

ఇక లెక్కలు చూతము. ఇంతవరకు జరిగిన 18 పోటీలలో జపాన్ 4 పర్యాయములును, దక్షిణ కొరియా 2 పర్యాయములును గెలిచినవి. ఇవి రెండును తూర్పు ఆసియా దేశములు. పశ్చిమమున సౌదీ అరేబియా 3, ఖతర్ 2, కువైట్ 1, ఇరాక్ 1 పర్యాయము గెలిచినవి. నేడు మధ్యాసియా వర్గమున చేరియున్న ఇరాన్ 1968, 1972, 1976 సంవత్సరములలో వరుసగా మూడు పర్యాయములు గెలిచినది. 1964 లో గెలిచిన ఇశ్రాయేలు ఇప్పుడీ సమాఖ్యలో లేదు. 2006 లో సమాఖ్యయందు చేరిన ఆస్ట్రేలియా 2015 లో గెలిచినది. దక్షిణాసియాకు ఒక్క కప్పు కూడ రాలేదు. ఆస్ట్రేలియాను విడిచినచో ఆగ్నేయాసియాకును రాలేదు. 1964 లో భారతదేశమును, 1968 లో బర్మాయును ద్వితీయస్థానము పొందుటయే ఆ ప్రాంతముల అత్యున్నత ఫలితము.

గెలుపుల మాట యటుండనిండు. పోటీలోనికి వచ్చినవారెవరో చూచినను ఇదే సంగతి తెలియును. ఖతర్‌లో 2024 జనవరి, ఫిబ్రవరి మాసములలో జరిగిన పోటీలో 24 జట్లు పాల్గొన్నవి. పశ్చిమాసియాలోని 12 దేశములలో 10 అందున్నవి. మధ్యాసియానుండి 4, తూర్పునుండి 4, ఆగ్నేయమునుండి 5 జట్లు వచ్చినవి. దక్షిణాసియాలోని 7 దేశములలో వచ్చినది ఒక్క భారతదేశమే. మనుష్యులతో క్రిక్కిరిసిన ఈ ప్రాంతమునుండి ఒకే జట్టు వచ్చుట వింత కాదా?

ఈ వింతకు లోకులు సాధారణముగా మూడు కారణములు చెప్పుదురు. మొదటిది దేహబలము. ఆ బాలుడు తిండిని గూర్చి యడిగినది ఈ తలంపుతోనే. కాని స్త్రీల ఆసియా కప్పును చూచినచో ఈ వాదము నిలువదు. 2022 వరకు జరిగిన 20 పోటీలలో చైనా 9, ఉత్తర కొరియా 3, తైవాన్ 3, జపాన్ 2, న్యూజిలాండ్, థాయిలాండ్, ఆస్ట్రేలియా ఒక్కొక్క పర్యాయము గెలిచినవి. పురుషుల పోటీలో నిన్ని కప్పులు గెలిచిన పశ్చిమాసియాకు స్త్రీల పోటీలో ఒక్కటియు లేదు. భారత స్త్రీలజట్టు మాత్రము 1979 లోను 1983 లోను తుది ఆట వరకు పోయినది. ఒకే నేలమీద, ఒకే తిండి తిని పెరిగిన అన్నదమ్ములు గెలుచుచు, అక్కచెల్లెండ్రు పోటీలోనికే రాకుండుట దేహబలమువలన కాదు. అన్నదమ్ములకు మైదానము దొరకినది, అక్కచెల్లెండ్రకు దొరకలేదు.

రెండవ కారణముగా ధనమును చెప్పుదురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఖతర్ 2004 లో ఆస్పయర్ అను శిక్షణాలయమును స్థాపించి, బాలురను చిన్ననాటినుండియే తీర్చిదిద్దినది. అందు పెరిగిన యువకులు పలువురు గల జట్టు 2019 పోటీలో ఏడు ఆటలును గెలిచి, 19 గోల్సు చేసి, ఒక్క గోలు మాత్రమే ఇచ్చినది. అయినను ధనమే సర్వమైనచో ఇరాక్ గెలుపును ఎట్లు వివరింపగలము? 2007 లో ఆ దేశము యుద్ధముతో అల్లాడుచుండెను. స్వదేశమున ఆట ఆడుటకైనను వీలులేని ఆ జట్టు జకార్తాలో సౌదీ అరేబియాను 1-0 తో ఓడించి కప్పు నెత్తుకొన్నది. ధనవంతము కాని జోర్డాన్ 2024 ఫిబ్రవరిలో తుది ఆట వరకు వచ్చి, ఖతర్ చేతిలో 1-3 తో ఓడినది.

మూడవది జనసంఖ్య. ఎక్కువమంది యున్న దేశమున మంచి ఆటగాండ్రు ఎక్కువగా దొరకుదురని తలంతుము. ఖతర్‌లోని జనులు సుమారు 30 లక్షలు, వారిలోను అత్యధికులు పరదేశపు శ్రామికులు. భారత, పాకిస్తాన్, బంగ్లాదేశములు మూడింటిలోను కోట్లకొలది బాలురున్నారు. సంఖ్యయే బలమైనచో లెక్క తలక్రిందుగా నుండవలసినది.

అట్లయిన నిజమైన కారణమేమి? నాకు తోచినంతవరకు, ఎవరు ఎవరితో, ఎన్నిమారులు, ఎక్కడ ఆడుదురన్నదే ముఖ్యకారణము. ఇందు మూడు అంశములున్నవి.

మొదటిది పొరుగు. తూర్పున జపాన్, కొరియా దేశములు చిరకాలముగా ఒకదానితో ఒకటి పోటీపడుచు, ఒకదానినొకటి పైకి లాగుకొన్నవి. పశ్చిమమున సౌదీ, ఇరాక్, కువైట్ మొదలగు దేశములును అట్లే. మన ప్రాంతమునకు 1993 నుండి ఒక ప్రత్యేక పోటీ యున్నది. 2023 నాటికి దానిని భారతదేశము 9 పర్యాయములు గెలిచినది. ఈ గెలుపులు సంతోషకరములే. కాని ఏ చెట్టును లేనిచోట ఆముదపుచెట్టే మహావృక్షమన్న సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. తనకంటె బలహీనులతోనే ఆడువాడు తన బలహీనతను తెలిసికొనజాలడు. ఆ సంగతి దోహాలో ఆస్ట్రేలియా ఎదుట నిలుచున్నప్పుడు తెలియును. అప్పటికి దిద్దుకొనుటకు వ్యవధి యుండదు.

రెండవది ఆతిథ్యము. 18 పోటీలలో 8 పర్యాయములు పోటీని జరిపిన దేశమే కప్పు గెలిచినది. స్వంత మైదానము, స్వంత వాతావరణము, స్వజనుల కేకలు ఎంత బలమిచ్చునో దీనిచే గ్రహింపవచ్చును. ఇంతవరకు దక్షిణాసియాలో ఒక్క పర్యాయమైనను ఈ పోటీ జరుగలేదు. 2011 లో ఖతర్, 2019 లో ఐక్య అరబ్ ఎమిరేట్లు, మరల ఖతర్ దీనిని జరిపినవి. 2027 పోటీ సౌదీ అరేబియాకు ఇయ్యబడినది. ఆ 2027 పోటీకై భారతదేశము కూడ అడిగియుండి, 2022 డిసెంబరులో తన కోరికను వెనుకకు తీసికొన్నది. ఆతిథ్యము ధనముగల చోటికే పోవుచుండినచో, దానివలన గలుగు బలము కూడ అక్కడికే చేరుచుండును. ఉన్నవానికే మరింత కూడుట యనగా నిదియే.

ఇక్కడ మన ప్రాంతపు తల్లిదండ్రులకు తెలిసిన సంగతి యొకటి గలదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములనుండి వేలకొలది మనవారు దుబాయి, దోహా, రియాదు నగరములకు పనికి పోవుచున్నారు. మన పాఠశాలలోని పిల్లలలో పలువురి తండ్రులును అన్నలును అక్కడనే యున్నారు. 2024 లో భారతజట్టు దోహాలో ఆడినప్పుడు, మైదానము నిండ కూర్చుండి కేకలు వేసినవారు ముఖ్యముగా భారతదేశపు శ్రామికులే. ఆట చూచుటకు మనవారక్కడ నిండుగా నున్నారు. ఆడి గెలుచుటకు మాత్రము మనవారు చాలలేదు.

మూడవ అంశము బాల్యశిక్షణ. జపాను దేశమునందు ఉన్నతపాఠశాలల ఫుట్‌బాల్ పోటీ 1917-18 ప్రాంతమున మొదలైనది. ఆ దేశము ఆసియా కప్పును మొదట గెలిచినది 1992 లో. అనగా పాఠశాలల మైదానములందు డెబ్బది సంవత్సరములకు పైగా విత్తిన పిమ్మటనే పంట చేతికి వచ్చినది. ఉజ్బెకిస్తాన్ 2012 లోను 2025 లోను పదునేడేండ్ల లోపు బాలుర ఆసియా కప్పును, 2023 లో ఇరువదియేండ్ల లోపువారి కప్పును గెలిచినది. 2025 లో ఆ దేశపు పెద్దల జట్టు మొట్టమొదటిసారిగా ప్రపంచ కప్పునకు అర్హత పొందినది.

ఈ హెచ్చుతగ్గులను సరిచేయుటకు సమాఖ్య ఏ ప్రయత్నమును చేయలేదని చెప్పుట న్యాయము కాదు. మూడు ఉపాయములు జరిగినవి. వాని ఫలితములను మనము శ్రద్ధగా గమనింపవలెను.

మొదటి ఉపాయము ప్రాంతమునకొక స్థానము. తొలి మూడు పోటీలలో పశ్చిమ, మధ్య, తూర్పు భాగములకు ఒక్కొక్క స్థానమును, ఆతిథ్య దేశమునకు ఒక స్థానమును ఇచ్చిరి. 1964 లో ఇశ్రాయేలు దేశమున పోటీ జరుగుటచే పెక్కు దేశములు రాజకీయ కారణములచే తప్పుకొనగా, పశ్చిమభాగపు స్థానము భారతదేశమునకు ఆట ఆడకయే లభించినది. అయినను మనవారు అక్కడ దక్షిణ కొరియాను 2-0 తోను, హాంగ్‌కాంగ్‌ను 3-1 తోను ఓడించి, ఇశ్రాయేలు చేతిలో 0-2 తో మాత్రమే ఓడి, ద్వితీయస్థానము పొందిరి. స్థానము సులభముగా వచ్చినను దానిని నిలుపుకొను బలము ఆ జట్టునకు ముందే యున్నది. అది యెచ్చటినుండి వచ్చినదో కొంచెము సేపటిలో చెప్పెదను.

రెండవ ఉపాయము చాలెంజ్ కప్పు. బలహీన దేశములు తమలో తాము పోటీపడుటకై 2006 లో దీనిని ప్రారంభించిరి. 2008 నుండి దీనిని గెలిచిన జట్టునకు ఆసియా కప్పులో స్థానము దొరకెడిది. ఆ 2008 పోటీ మన హైదరాబాదులోనే, లాల్ బహదూర్, గచ్చిబౌలి మైదానములలో జరిగినది. ఆగస్టు వర్షములచే మైదానము పాడగుటవలన తుది ఆటను ఢిల్లీకి మార్చిరి. అచ్చట భారతజట్టు తజికిస్తాన్‌ను 4-1 తో ఓడించి, ఇరువదియేడు సంవత్సరముల విరామము పిమ్మట 2011 ఆసియా కప్పులో అడుగుపెట్టుటకు అర్హత పొందినది. అక్కడ జరిగినదేమి? ఆస్ట్రేలియా చేతిలో 0-4, బహ్రేన్ చేతిలో 2-5, కొరియా చేతిలో 1-4. నిచ్చెన వేసిరి గాని మొదటి మెట్టునకును రెండవ మెట్టునకును నడుమ నిలువెత్తు ఖాళీ యుండెను. 2014 తరువాత ఆ పోటీ నిలిచిపోయినది.

మూడవ ఉపాయము స్థానములను పెంచుట. 16 జట్ల పోటీని 2019 నుండి 24 జట్ల పోటీగా చేసిరి. దీనివలన భారతజట్టునకు 2019 లోను 2024 లోను స్థానము దొరకినది. 2019 లో థాయిలాండ్‌ను 4-1 తో ఓడించి ఆశ కలిగించిరి. 2024 లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా దేశముల చేతిలో వరుసగా ఓడి, ఒక్క గోలు కూడ చేయలేకపోయిరి. 2025 అక్టోబరులో గోవాలో, అనగా స్వంత మైదానమునందే, సింగపూరు చేతిలో 1-2 తో ఓడుటచే 2027 పోటీకి అర్హత కూడ పోయినది.

దీనివలన నేర్చుకొనదగిన దేమనగా, పీటలు ఎక్కువగా వేసినంత మాత్రమున పంక్తి సమము కాదు. ప్రాంతములకు స్థానములు పంచుట మంచిదే. అది తలుపు తెరచుట. కాని తలుపువరకు నడచి వచ్చుటకు దారి వేరుగా వేయవలెను. ఆ దారి ఏమన, బాల్యమునుండి దగ్గర దగ్గరగా నుండు మెట్లవలె, కొంచెము తనకంటె బలవంతులతో తరచుగా ఆడుచుండుట.

ఇది ఊహ కాదు. మన రాష్ట్రమునందే ఒక ఉపాధ్యాయుడు దీనిని చేసి చూపెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909 లో జన్మించెను. వృత్తిచే బడిపంతులు. 1940ల మొదలు మరణపర్యంతము హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండెను. ఆయన చిన్న బాలురకై పోటీలు ఏర్పరచెను. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో కూడ పోటీలు పెట్టెను. ఈ శ్రమకు ఫలముగా హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. ఆయన శిక్షణలో భారతజట్టు 1951 లో ఢిల్లీలోను 1962 లో జకార్తాలోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినది. ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతదూరము పోయిన మొదటి ఆసియా దేశము మనదే. నూర్ మహమ్మద్, అజీజ్, లతీఫ్, తులసీదాస్ బలరామ్ మున్నగు హైదరాబాదు ఆటగాండ్రు ఆ కాలపువారు. రహీమ్ 1963 జూన్ నెలలో మరణించెను. మరుసటి సంవత్సరము ఆసియా కప్పులో ద్వితీయస్థానము పొందిన జట్టు ఆయన వేసిన పునాదిమీద నిలిచినదే.

అయితే ఆ వైభవమునందును ఒక లోపము గలదు. ఆ ఆటగాండ్రలో అత్యధికులు జంటనగరములవారు. మానేటికిని గోదావరికిని ఇరుప్రక్కల నున్న మన జిల్లాలకు ఆ వెలుగు చేరలేదు. ఆసియాలో దక్షిణ ప్రాంతమెట్టిదో, రాష్ట్రములో కరీంనగరము, ఆదిలాబాదు అట్టివి. నేడు ఈ రెండు పట్టణములందును క్రీడాపాఠశాలలున్నవి. పొరుగున నిజామాబాదు జిల్లా తండానుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత స్త్రీలజట్టులో ఆడినది. 2025 జూలైలో ఆ స్త్రీలజట్టు థాయిలాండ్‌ను వారి దేశమునందే 2-1 తో ఓడించి 2026 ఆసియా కప్పునకు అర్హత పొందినది. కావున మారుమూల యను మాట శాశ్వతమైన శిక్ష కాదు.

ఇప్పుడు ఆ బాలునకు జవాబు చెప్పెదను. మనలను ఓడించిన నగరపు జట్టు ఉపాధ్యాయుని నేనానాడే యడిగితిని. ఆ సంవత్సరములో వారి బాలురు అప్పటికి ముప్పది ఆటలు ఆడియుండిరి. మన బాలురు ఆడినవి నాలుగు. నాయనా, వారు తిను అన్నమునే నీవును తినుచున్నావు. నీవు తక్కువ తినలేదు. తక్కువ ఆడితివి.

ఈ తక్కువను తీర్చుట మన చేతులలోని పని. తోడి ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును నా మనవి యిది. వచ్చు జూన్ మాసమున బడులు తెరచిన పిమ్మట, ప్రతి శనివారము సాయంకాలము ఒక్కొక్క పొరుగు పాఠశాలతో ఒక్కొక్క ఆట ఆడునట్లు ఏర్పాటు చేయుదము. మానకొండూరు, చొప్పదండి, హుజూరాబాదు, జమ్మికుంట మనకు దూరము కావు. ఆదిలాబాదు ప్రక్క నున్న పాఠశాలలు నిర్మల్, మంచిర్యాల, బెల్లంపల్లి బడులతో నిట్లే చేయవచ్చును. బాలికలకును సమానముగా దినములు కేటాయింపవలెను. ఇందుకు గొప్ప మైదానములు అక్కరలేదు. ఒక బంతి, రెండు జతల కొయ్యలు, రానుపోను బస్సు ఖర్చులు చాలును. నెలకొక పర్యాయము మనకంటె బలమైన జట్టును పిలిచి, ఓడుదుమని తెలిసియు ఆడుదము.

తల్లిదండ్రులు ఆ సాయంకాలము పొలమునుండియో దుకాణమునుండియో వచ్చి గట్టుమీద కొంతసేపు నిలిచినచో పిల్లలకు అదియే ఆతిథ్య దేశపు బలము. ఒక సంవత్సరములో ముప్పది ఆటలు పూర్తియగునో లేదో లెక్క వ్రాసి, వచ్చు సంవత్సరపు పత్రికలో మీకు తెలియజేసెదను. అడిగిన బాలుడు అప్పటికి పదవ తరగతిలో నుండును. ఆ లెక్కపుస్తకమును వానిచేతనే వ్రాయింపదలచితిని.